గృహహింస పాడ్‌కాస్ట్‌లు: వినేవాళ్ళూ చేసేవాళ్ళూ తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గృహహింస గురించి చెప్పే పాడ్‌కాస్ట్‌లు, అంటే ఫోన్లో వినే ఆడియో కార్యక్రమాలు, వింటున్న ఆడవాళ్ళ కోసం, తెలుగులో అలాంటిది ఒకటి చేద్దామనుకునే వాళ్ళ కోసం ఈ జవాబులు. పొగాకు గ్రేడింగ్ దగ్గర, కుట్టుమిషను ముందు, ఒంగోలు బస్సులో ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినే మనిషిని మనసులో పెట్టుకుని రాశాం. ప్రతి జవాబు వెనకా ఒకటే లెక్క ఉంది: వింటున్నామె ఇంకా ఆ ఇంట్లోనే ఉందని అనుకోవాలి. బయటపడినామె కోసం చేసే పాడ్‌కాస్ట్ వేరు, లోపలే ఉన్నామెను తలచుకుని చేసేది వేరు. రెండోదే కష్టం, అవసరమూ దానికే ఎక్కువ.

పాడ్‌కాస్ట్ వినడానికి డేటా ఎంత ఖర్చవుతుంది?

మాట మాత్రమే ఉండే ఆడియో సాధారణంగా 64 కేబీపీఎస్‌లో ఉంటుంది. గంటకు సుమారు 29 ఎంబీ. 128 కేబీపీఎస్ అయితే 58 ఎంబీ దాకా. అదే ఎపిసోడ్ యూట్యూబ్‌లో బొమ్మతో చూస్తే దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. రోజుకు 1 జీబీ ప్యాకేజీలో పిల్లల చదువుకూ అదే ఫోన్ వాడుతుంటే ఆడియో యాప్‌లో వినడమే మేలు. అయితే డౌన్‌లోడ్ చేసుకున్న ఫైలు ఫోన్లో ఉండిపోతుంది. విన్న వెంటనే తీసేయండి.

ఆయనకు తెలీకుండా వినేదెట్టా?

ముందు ఫోన్ ఎవరిదో చూసుకోవాలి. సిమ్ ఎవరి పేరు మీద ఉంది, గూగుల్ అకౌంట్ ఎవరు పెట్టిచ్చారు, దాని పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు. కొత్త ఫోన్ కొనిచ్చినప్పుడు భర్తో మరిదో అకౌంట్ పెట్టి ఇచ్చి ఉంటే, మీరు యూట్యూబ్‌లో విన్నది వాళ్ళ ఫోన్లోనూ హిస్టరీలో కనిపించవచ్చు. హాల్లో టీవీకి అదే అకౌంట్ ఉంటే ఇంకా ప్రమాదం. మధ్యాహ్నం మీరు విన్న ఎపిసోడ్‌కు సంబంధించిన వీడియోలు రాత్రి భోజనాల వేళ టీవీ తెర మీద వరసగా వచ్చి కూర్చుంటాయి. దొరికిపోవడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది, ఎవరూ ఊహించరు.

యూట్యూబ్‌లో అయితే పైన లేదా కింద ఉన్న మీ బొమ్మ మీద నొక్కి ఇన్‌కాగ్నిటో (విన్నది హిస్టరీలో చేరని పద్ధతి) ఆన్ చేసి వినండి, అయిపోగానే ఆపేయండి. స్పాటిఫైలో ప్రైవేట్ సెషన్ అని ఉంటుంది, అయితే అది మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ళకు కనిపించకుండా ఉండటానికి. ఇన్‌కాగ్నిటో మర్చిపోయి వినేశారనుకోండి, హిస్టరీ మొత్తం చెరిపేయకండి. మూడు నెలల హిస్టరీ ఒక్కసారి ఖాళీ అయితే, రోజూ ఫోన్ తనిఖీ చేసే మనిషికి అదే పెద్ద గుర్తు. ఆ ఒక్క వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కి దాన్ని మాత్రం తీసేయండి. వంటల వీడియోలు, సీరియళ్ళు ఎప్పటిలాగే ఉండనివ్వండి.

తర్వాతి చిక్కు లాక్ స్క్రీన్. ఆడియో నడుస్తున్నంతసేపూ తాళం వేసిన ఫోన్ మీద కూడా ఎపిసోడ్ పేరు కనిపిస్తుంది. పాజ్ చేసి పక్కన పెట్టినా పోదు, యాప్‌ను పూర్తిగా మూసేస్తేనే పోతుంది.

బ్లూటూత్ ఆపేసి ఉంచండి. ఇంట్లో సౌండ్‌బార్‌కో, బయటికెళ్తే ఆయన కారుకో ఫోన్ దానంతటదే కలిసిపోయి గొంతు బయటికి వచ్చేస్తుంది. వైరున్న ఇయర్‌ఫోనే క్షేమం. అదీ ఒక చెవికే పెట్టుకోండి, రెండో చెవి గేటు చప్పుడుకు వదిలేయండి.

ఫోన్ మీద నిఘా ఉందని గట్టి అనుమానం ఉంటే సెట్టింగులు మార్చే పని మానేయండి. వాట్సాప్‌లో లింక్ చేసిన పరికరాల జాబితా చూడండి. తెలియని కంప్యూటర్ కనిపించినా వెంటనే లాగౌట్ చేయొద్దు, చేస్తే అటువైపు తెలిసిపోతుంది. అక్కదో, పక్కింటి వదినదో ఫోన్ వాడుకుని ముందు సాయం ఎక్కడ దొరుకుతుందో చూసుకోండి. ఫోన్ సంగతి తర్వాత.

నాకసలు ఫోనే లేదు. మరి?

గుంపుగా వినడం మన నేల మీద కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు, రాత్రి బడుల్లో వాచకంలోని సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళ పాఠం చదివించేవాళ్ళు. కూలి డబ్బులు సారాకు పోవడం, తాగొచ్చి కొట్టడం అన్నవి అక్కడ కూర్చున్న ప్రతి ఇంటి సంగతే. దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో దుకాణం మూయించారు, వాళ్ళలో ముందు నిలిచిన వర్దినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఒక్కత్తే కూర్చుని చదివితే ఆ పాఠం అంత పని చేసేది కాదని మా నమ్మకం. పదిమంది కలిసి విన్నాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, పని అక్కడ మొదలైంది.

పొదుపు సంఘం సమావేశం చివర పదిహేను నిమిషాలు ఒక ఎపిసోడ్ పెట్టుకోవచ్చు. వినిపించే ముందు ఒక జాగ్రత్త: సంఘంలో ఆయన అక్కో, మేనత్తో ఉండవచ్చు. అందుకే విన్న తర్వాత "మీ ఇంట్లో ఎట్టా ఉంది?" అని వరసగా ఎవరినీ అడగకండి. చట్టం గురించి, నంబర్ల గురించి మాట్లాడి వదిలేయండి. చెప్పుకోవలసినామె తర్వాత విడిగా వస్తుంది.

మా ఆయన కొట్టడు. అయినా ఈ ఎపిసోడ్లు నా గురించే అనిపిస్తాయి. ఎందుకు?

నిజంగా మీ గురించే కావచ్చు. 2005 నాటి గృహహింస చట్టం, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్నది, కొట్టడాన్ని మాత్రమే హింస అనలేదు. శరీరానికి, లైంగికంగా, మాటలతో మనసుకు, డబ్బు విషయంలో చేసేవి నాలుగూ హింసే. జీతం కార్డు లాక్కోవడం, ఇంటి ఖర్చుకు పైసా ఇవ్వకపోవడం, పెళ్ళిలో పెట్టిన బంగారం అడగకుండా తాకట్టు పెట్టడం, పుట్టింటికి ఫోన్ చేయనివ్వకపోవడం, ఆడపిల్లను కన్నావని రోజూ దెప్పడం అన్నీ ఇందులోకే వస్తాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో సుమారు 30 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. అది సర్వేకొచ్చిన మనిషి ముందు నోరు తెరిచి చెప్పినవాళ్ళ లెక్క మాత్రమే.

ఇంగ్లీషు పాడ్‌కాస్ట్‌లు మనకు పనికొస్తాయా?

మనసు అర్థం చేసుకోవడానికి పనికొస్తాయి, దారి తెలుసుకోవడానికి పనికిరావు. కొట్టడం, ఆ తర్వాత కాళ్ళు పట్టుకోవడం, కొన్నాళ్ళు మంచిగా ఉండటం, మళ్ళీ మొదలవడం అనే చక్రాన్ని లెనోర్ వాకర్ 1979లో రాసింది. అందరి ఇళ్ళలోనూ అది ఆ వరసలోనే జరగదు. కొన్ని ఇళ్ళలో మంచి రోజులు ఎప్పటికీ రావు. ఎవాన్ స్టార్క్ 2007లో వివరించిన బలవంతపు అదుపు అన్న మాట మాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. ఎక్కడికెళ్ళావు, ఎవరితో మాట్లాడావు, ఆ చీర ఎందుకు కట్టావు, కూరగాయలకిచ్చిన వందలో పదకొండు రూపాయలు ఏమయ్యాయి. దెబ్బ లేకుండానే మనిషిని కట్టేసే పద్ధతి అది. ఇంగ్లండ్‌లో 2015 నుంచి దాన్ని విడిగా నేరం చేశారు. మన దగ్గర ఆ పేరుతో నేరం లేదు, కానీ పైన చెప్పిన చట్టంలో మాటల హింస, డబ్బు హింస కింద అడగవచ్చు.

వాటిలో చెప్పే నంబర్లు, కోర్టు ఉత్తర్వుల పేర్లు, షెల్టర్ల నియమాలు ఏవీ ఇక్కడ నడవవు. ఇంకొకటి, అక్కడి కథల్లో ఇంట్లో ఉండేది ఇద్దరే. మన కథలో అత్తగారు, ఆడపడుచు, మేనరికం, పెద్దమనుషుల పంచాయితీ, "పిల్లల మొహం చూసి సర్దుకుపో" అనే సొంత తల్లి కూడా ఉంటారు. మేనమామను చేసుకున్న అమ్మాయికి పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే అయితే ఎక్కడికి వెళ్ళాలి? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పాడ్‌కాస్ట్ తెలుగులోనే రావాలి.

వింటుంటే గుండె దడ, నిద్ర పట్టడం లేదు.

ఆపేయండి. పూర్తిగా వినాలన్న నియమం లేదు. పడుకోబోయే ముందు, ఒంటరిగా ఉన్నప్పుడు వినకండి. పని చేసుకుంటూ పగలు వినండి, ఒక్కసారికి ఇరవై నిమిషాలు చాలు. దడ మొదలైతే చల్లటి నీళ్ళతో మొహం కడుక్కుని, ఎదురుగా కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. చిన్న పనిలా ఉంటుంది గానీ మనసును ఈ గదిలోకి తీసుకొస్తుంది. రోజుల తరబడి తగ్గకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఏ విషయం వింటే "ఇది నాకూ జరిగింది, ఇక ఆగకూడదు" అనుకోవాలి?

గొంతు పట్టుకోవడం. దీని దగ్గర కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇళ్ళల్లో దీన్ని చెంపదెబ్బ కంటే తక్కువగా చూస్తారు. "ఊరికే గొంతు పట్టుకున్నాడు, దెబ్బేమీ తగల్లేదు" అంటారు. గొంతు నొక్కితే బయటికి గుర్తు పడకపోవచ్చు. లోపల రక్తనాళం దెబ్బతిని ఉండవచ్చు, గంటల తర్వాతో రోజుల తర్వాతో ముదరవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టమవడం, కంటి తెల్లగుడ్డులో ఎర్రటి చుక్కలు, తల తిరగడం, ఆ క్షణంలో బట్టల్లో మూత్రం పోవడం ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. "గొంతు నొక్కాడు" అని ఆ మాటలతోనే చెప్పి మెడికో లీగల్ కేసుగా (పోలీసులకూ కోర్టుకూ పనికొచ్చే ఆసుపత్రి రికార్డుగా) రాయించుకోవాలి. మెట్ల మీద పడ్డానని చెబితే చీటీలో అదే ఉంటుంది, రేపు కోర్టులో అదే చదువుతారు. భర్త ఒకసారి గొంతు నొక్కిన ఆడవాళ్ళు తర్వాత అతని చేతిలో హత్యకు గురయ్యే అవకాశం సుమారు ఏడు రెట్లు ఎక్కువని అమెరికాలో 2008లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

మిగతా ప్రమాద గుర్తులు: కత్తి, పురుగుమందు డబ్బా చూపించి బెదిరించడం, చంపి నేనూ చస్తాననడం, కడుపుతో ఉన్నప్పుడు కొట్టడం, ఈమధ్య దెబ్బలు ఎక్కువవడం. అన్నిటికంటే ప్రమాదమైన సమయం మీరు వెళ్ళిపోతానన్నప్పుడు, వెళ్ళిపోయిన కొత్తలో. అందుకే "వెళ్ళిపోతున్నా" అని మొహం మీద చెప్పి వెళ్ళమని ఏ పాడ్‌కాస్ట్ సలహా ఇచ్చినా వినకండి.

విన్నాక ఎవరికి చెప్పాలి? ఏం జరుగుతుంది?

దెబ్బలు పడుతున్న క్షణంలో 112. మాట్లాడే వీలు దొరికినప్పుడు మహిళా హెల్ప్‌లైన్ 181, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. ఫోన్ చేశాక కాల్ జాబితాలోంచి నంబరు తీసేయండి. మీ సిమ్ ఆపరేటర్ యాప్ ఆయన ఫోన్లో ఉంటే అక్కడా చూడగలడని గుర్తుంచుకోండి.

జిల్లా కేంద్రంలో సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంటుంది. వైద్యం, పోలీసు సాయం, కౌన్సెలింగ్, లాయరు, తాత్కాలిక వసతి ఒక్కచోటే. అక్కడ 5 రోజుల దాకా ఉండవచ్చు, ఆ పైన అవసరమైతే శక్తి సదన్ వంటి వసతి గృహానికి పంపుతారు.

గృహహింస చట్టం కింద రక్షణాధికారి మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయం నుంచి పనిచేస్తారు. ఊళ్ళో వాళ్ళు ఐసీడీఎస్ పీడీ ఆఫీసు అంటారు. అక్కడ గృహహింస నివేదిక రాస్తారు. తేదీలు, ఎవరు చూశారు, ఏ ఆసుపత్రి, ఏ వస్తువుతో కొట్టారు, ఏ బంగారం ఎన్ని గ్రాములు తీసుకున్నారు అన్నవి ముందే కాగితం మీద రాసుకుని వెళ్తే నివేదిక గట్టిగా వస్తుంది. "చాలా ఏళ్ళుగా బాధపెడుతున్నాడు" అన్న ఒక్క వాక్యంతో రాసిన నివేదికలే కోర్టులో నిలబడవు.

మేజిస్ట్రేటు ముందు దరఖాస్తు పడ్డాక మొదటి వాయిదా 3 రోజుల్లో, తీర్పు 60 రోజుల్లో రావాలని చట్టం చెబుతుంది. అసలు జరిగేది దానికంటే చాలా ఆలస్యం. కాబట్టి దరఖాస్తుతో పాటే మధ్యంతర ఉత్తర్వు (తీర్పు వచ్చేలోపు నడిచే ఉత్తర్వు) అడగమని లాయరుకు తప్పకుండా చెప్పండి. అడగకపోతే దానంతటది రాదు. కొట్టకూడదని, ఇంట్లోంచి గెంటకూడదని, నెలకు ఇంత ఇవ్వాలని, పిల్లలు మీ దగ్గరే ఉండాలని ఉత్తర్వులు తెచ్చుకోవచ్చు. ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా మీరు కాపురమున్న ఇల్లయితే అక్కడ ఉండే హక్కు అడగవచ్చని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. రక్షణ ఉత్తర్వు దాటితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

నెల్లూరులో మెట్టి, హైదరాబాద్‌లో కాపురం ఉండి, ఇప్పుడు కనిగిరి దగ్గర అమ్మవాళ్ళింట్లో ఉన్నా సరే, మీరు తాత్కాలికంగా ఉన్నచోటి కోర్టులోనే వేయవచ్చు. లాయరు ఫీజు భయం వద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నెల్లూరు, ఒంగోలు జిల్లా కోర్టుల్లో న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100.

క్రిమినల్ కేసు వేరే దారి. భర్త, అత్తింటివాళ్ళు పెట్టే హింస మీద ఉన్న వెనకటి 498ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి. పాత ఎపిసోడ్లలో 498ఎ అనే వింటారు, కంగారుపడకండి.

వెళ్ళేటప్పుడు ఏమేం పట్టుకుపోవాలి?

ఆధార్ మొదట. అది లేకపోతే ఆర్టీసీలో స్త్రీ శక్తి ఉచిత టికెట్‌కు కూడా ఇబ్బందే. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉన్న ఈ వెసులుబాటు రాష్ట్రం లోపలికే, చెన్నై, బెంగళూరు బస్సులకు లేదు. పిల్లల పుట్టిన తేదీ పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు నకలు, పెళ్ళి ఫొటో ఒకటి, మందుల చీటీలు, రోజూ వేసుకునే మాత్రలు. అసలు పత్రాలన్నీ ఒకేసారి మాయమైతే అనుమానం వస్తుంది. ఒక్కొక్కటిగా జిరాక్స్ తీయించి నమ్మకస్తురాలి ఇంట్లో పెట్టండి. సంచి మాత్రం మీ బీరువాలో సర్ది పెట్టుకోకండి, దొరికేది అక్కడే.

బెదిరింపుల కాల్ రికార్డింగులు ఉంటే ఆ ఫోన్‌ను జాగ్రత్త చేయండి. కాపీ ఒక్కటే ఉండి ఫోన్ పోతే సాక్ష్యం బలం తగ్గుతుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. దాంపత్య వివాదంలో రహస్యంగా చేసిన ఫోన్ రికార్డింగ్‌ను సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది.

మేమూ ఒక పాడ్‌కాస్ట్ చేయాలనుకుంటున్నాం. బయటపడిన ఆమెను ఎలా అడగాలి?

ఆమె బయటికొచ్చి ఎన్నాళ్ళయింది, కేసు నడుస్తోందా, అతనికి ఇప్పటి చిరునామా తెలుసా అన్న మూడు ప్రశ్నలు ముందు. కేసు నడుస్తుంటే ఆమె లాయరుకు చెప్పకుండా రికార్డు చేయొద్దు. పాడ్‌కాస్ట్‌లో చెప్పిన తేదీకీ పిటిషన్‌లో ఉన్న తేదీకీ తేడా వస్తే అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు.

ఒప్పుకోలు రెండుసార్లు తీసుకోండి. రికార్డింగ్‌కు ముందొకసారి. ఎడిట్ చేసింది పూర్తిగా వినిపించి, కనీసం మూడు రోజులు గడిచాక మరోసారి. మాట్లాడిన రోజు మనసు తేలికై ఉంటుంది, అన్నిటికీ సరే అంటుంది. మూడో రోజు తెల్లవారుజామున "ఆ ఒక్క మాట తీసేయండమ్మా" అని ఫోన్ వస్తుంది. ఆ ఒక్క మాటే ఆమెను పట్టిచ్చే మాటై ఉంటుంది చాలాసార్లు.

ఆమెకు బస్సు ఖర్చు, ఆ రోజు కూలి ఇవ్వండి. కథకు డబ్బు ఇవ్వడం వేరు, పోగొట్టుకున్న పని రోజుకు ఇవ్వడం వేరు.

పేరు మారిస్తే చాలదా?

చాలదు. ఊహించి రాసిన ఈ నాలుగు మాటలు చూడండి: "మాది కావలి దగ్గర పల్లె. మా ఆయనకు రొయ్యల మేత కొట్టు. మా చిన్నమ్మాయికి నవోదయలో సీటొచ్చింది. అన్నం తింటుంటే కంచం తన్నాడు, నేను మెతుకులేరుకుంటూ కూర్చున్నా."

పేరు ఎక్కడా లేదు. కానీ కావలి చుట్టుపక్కల మేత కొట్లు లెక్కపెట్టవచ్చు, వాటిలో కూతురు నవోదయకు వెళ్ళిన ఇల్లు ఒక్కటే ఉంటుంది. రెండు గుర్తులు కలిశాయంటే మనిషి దొరికినట్టే. "మాది సముద్రం వైపు పల్లె, ఆయనకు వ్యాపారం, పిల్లలు చదువుకుంటున్నారు" అని మార్చండి. కంచం మాట మాత్రం ముట్టుకోవద్దు. అది ఎవరినీ పట్టివ్వదు, కథంతా దాంట్లోనే ఉంది. ఎడిటింగ్‌లో చేతకానివాళ్ళు తరచూ దీనికి తలకిందులుగా చేస్తారు: ఊరూ వృత్తీ ఉంచేసి, మెతుకులు తీసేస్తారు.

వృత్తి మార్చేటప్పుడు అబద్ధం పెట్టకండి. మేత కొట్టును పొగాకు బ్యారన్‌గా (ఆకు ఆరబెట్టే కొట్టంగా) మారిస్తే వేరే ఊళ్ళో ఎవరో నిజం మనిషి మీద పడుతుంది.

గొంతు మార్చే యాప్ వాడితే?

గొంతును సన్నగానో బొంగురుగానో చేసే మార్పును అదే లెక్కతో వెనక్కి తిప్పవచ్చు. పైగా గొంతు ఒక్కటే కాదు, మాట తీరు ఉంది. అబ్బయా, మేయ్ అని మాట్లాడే తీరు, మార్కాపురం వైపు దీర్ఘం, ఆమెకు అలవాటైన ఊతపదం విని ఆడపడుచు అర నిమిషంలో గుర్తుపడుతుంది. ప్రమాదం ఉన్నచోట ఒకటే మార్గం: ఆమె మాటలు రాసుకుని, ఊతపదాలు మార్చి, వేరొకరు చదవాలి. చదివేటప్పుడు ఏడుపు నటించొద్దు. మామూలుగా చదివితేనే వినేవాళ్ళకు తగులుతుంది.

వెనక చప్పుళ్ళూ పట్టిస్తాయి. ఆర్టీసీ బస్టాండు మైకు, గుడి మైకులో ఊరి పేరు, రైలు ప్రకటన. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి మాటలు వదిలేసి వెనక చప్పుడు మాత్రమే వినండి. ఫోన్ రికార్డర్ యాప్‌లో లొకేషన్ అనుమతి తీసేయండి, ముఖచిత్రానికి వాడే ఫొటోల్లోనూ లొకేషన్ ఉండిపోతుంది.

స్టూడియో లేదు. ఎక్కడ రికార్డు చేయాలి?

పరుపులు, దుప్పట్లు ఉన్న చిన్న గది చాలు. దండెం కట్టి మూడు నాలుగు బొంతలు వేలాడదీస్తే గోడల నుంచి వచ్చే మోత తగ్గుతుంది. ఫ్యాను ఆపాలి, అందుకే మే నెలలో పొద్దున ఏడు లోపే పెట్టుకోండి. మైకు నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు ఉంటే "ప" "బ" అన్నప్పుడు గాలి కొట్టదు. రెండో ఫోన్లో కూడా రికార్డింగ్ పెట్టండి. ఇలాంటి సంభాషణను మళ్ళీ చెప్పమని అడిగే హక్కు మనకు లేదు. ఫైలును వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

ఆడియో ఎడిట్ చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితం. 80 హెర్ట్జ్ కింద ఉన్న గురగుర తీసేసి, మోనోలో (ఒకే ఛానెల్‌లో) శబ్దం బిగ్గరను మైనస్ 19 ఎల్‌యూఎఫ్ఎస్ దగ్గర పెట్టి, 64 కేబీపీఎస్ ఎంపీ3గా తీయండి. అకస్మాత్తు సంగీతం, తలుపు బాదే చప్పుడు, కేకలు వేయొద్దు. వింటున్నామె ఒళ్ళు ఆ చప్పుళ్ళకు ఇప్పటికే భయపడి ఉంది.

ఏ ప్రశ్నలు అడగకూడదు?

"ఎందుకు అన్నేళ్ళు ఉన్నావు?" ఇది ఒక్కటి అడగకపోతే సగం పాడ్‌కాస్ట్ బాగుపడుతుంది. "వెళ్ళకుండా ఆపిందేంటి?" అని అడగండి, పనికొచ్చే సంగతులు వస్తాయి: పిల్లల పరీక్షలు, అద్దె అడ్వాన్సు, చెల్లెలి పెళ్ళి కాకపోవడం. దెబ్బల వర్ణన ఆమె చెప్పినంతే, ఇంకా తవ్వొద్దు. లైంగిక హింస గురించి ఆమె తానుగా చెబితే వినండి, రికార్డింగ్ ఆపి "ఇది ఉంచాలా?" అని అడగండి.

భర్త పేరు చెప్పొచ్చా?

చెప్పొద్దు. పరువు నష్టం కేసు న్యాయ సంహిత 356 కింద పడవచ్చు. అంతకంటే ముఖ్యం, అతని పేరు చెబితే ఆమె పేరు చెప్పినట్టే. కథలో అత్యాచారం ఉంటే ఆమెను గుర్తుపట్టేలా ప్రచురించడం 72వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ళ దాకా శిక్ష. పిల్లలపై లైంగిక హింస ఉంటే పోక్సో 23వ సెక్షన్ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది: పేరు, బడి, ఇరుగుపొరుగు, కుటుంబం ఏదీ బయటపడకూడదు.

ఎపిసోడ్‌కు ఏ పేరు పెట్టాలి?

లాక్ స్క్రీన్ మీద కనిపించేది అదేనని గుర్తుపెట్టుకుని పెట్టండి. "భర్త హింస నుంచి పారిపోవడం ఎలా" అన్న పేరు క్లిక్కులు తెస్తుంది, ఆమెకు దెబ్బలు తెస్తుంది. "ఏడో భాగం: ఇంటి లెక్కలు" అంటే చాలు. ముఖచిత్రం మీద వాచిన కన్ను, రక్తం, మూలన కూర్చున్న ఆడమనిషి నీడ వద్దు, ముగ్గో మందార పువ్వో పెట్టండి. నంబర్లు రాత వివరణలో కాకుండా ఆడియోలోనే, మొదటి రెండు నిమిషాల్లో ఒకసారి, చివర ఒకసారి నెమ్మదిగా చెప్పండి. చాలామంది చివరిదాకా వినలేరు, మధ్యలో ఎవరో వస్తారు.

మా అమ్మాయి గురించి అనుమానం. ఆమెకు ఎపిసోడ్ పంపవచ్చా?

లింకు పంపకండి. ఆమె వాట్సాప్ ఎవరు చూస్తున్నారో మీకు తెలియదు. పండక్కి ఇంటికొచ్చినప్పుడు మీ ఫోన్లో కలిసి వినండి. "వదిలేసి వచ్చేయ్" అని ఒత్తిడి చేయొద్దు, "ఎప్పుడొచ్చినా తలుపు తీసే ఉంటుంది" అని చెప్పండి. ఫోన్లో వాడుకోవడానికి ఒక మాట అనుకోండి. "అమ్మా, ఆవకాయ అయిపోయింది" అంటే వెంటనే 112కు చేయాలని, "మామిడికాయ పచ్చడి ఉందా" అంటే రేపు వచ్చి తీసుకెళ్ళమని. ఆమె ఫిర్యాదు చేయలేకపోతే తల్లిదండ్రులో, పక్కింటివాళ్ళో రక్షణాధికారికి తెలియజేయవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద ఏ కేసూ ఉండదని చట్టం 4వ సెక్షన్‌లోనే ఉంది.

ప్రచురించాక ఆమె తీసేయమంటే?

కారణం అడక్కుండా అదే రోజు తీసేయాలి. కానీ ముందే నిజం చెప్పి ఉండాలి: పాడ్‌కాస్ట్ ఫీడ్ (యాప్‌లకు ఎపిసోడ్లు వెళ్ళే జాబితా) నుంచి తీసినా, అప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్న ఫోన్లలోంచి పోదు, వేరే ఛానెళ్ళు ఎత్తుకుపోయి పెట్టినవి విడిగా ఫిర్యాదు చేసి తీయించాలి. అందుకే ఎపిసోడ్ వచ్చిన మొదటి వారం రోజూ ఆ శీర్షికతో, ఆమె చెప్పిన ఒకటి రెండు వాక్యాలతో యూట్యూబ్‌లో వెతకండి. కామెంట్లు ముందుగా ఆపేయండి. ఊరివాళ్ళు "ఇది ఫలానా వాళ్ళ కోడలు కదా" అని రాసేది అక్కడే. అసలు రికార్డింగ్, రాసుకున్న కాగితాలు, ఆమె ఫోన్ నంబరు ఒకే చోట పెట్టకండి. ఎడిటింగ్ పూర్తయి ఆమె రెండోసారి సరే అన్నాక మొదటి రికార్డింగ్ ఉంచాలా చెరిపేయాలా అన్నది ఆమెనే అడగండి. కోర్టులో అవసరం పడుతుందని లాయరు అంటే కాపీ ఆమెకు ఇచ్చి, మీ దగ్గరిది చెరిపేయండి.